సౌరకుటుంబం మొత్తం ఒక్క బొమ్మలో కావాలంటే

మీ ప్రశ్న నాకర్థమైనంతలో ఇదీ. ఏడో తరగతి చదివే మీ అమ్మాయికి నాలుగు సందేహాలొచ్చాయి. చంద్రుడు పెరగడం, తరగడం భూమి నీడ పడటం వల్లేనా? ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందా? అమావాస్య ప్రతి నెలా వస్తున్నప్పుడు సూర్యగ్రహణం ప్రతి నెలా ఎందుకు రాదు? ప్లూటోని గ్రహాల్లోంచి ఎందుకు తీసేశారు? ఇవన్నీ ఒక్క చూపులో అర్థమయ్యేలా, దూరాలూ పరిమాణాలూ సరైన కొలతల్లో ఉన్న సౌరకుటుంబం బొమ్మ ఏదైనా ఉంటే చెప్పమన్నారు.

అలాంటి బొమ్మ లేదండీ. గీయాలంటే కాగితం చాలదు. పైగా మీ అమ్మాయి మొదటి మూడు సందేహాలూ పుట్టింది ఆ బొమ్మల్లోంచే. ఇరవై ఏళ్ళ పైగా టెలిస్కోపు పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి ఆకాశం చూపిస్తున్నాను. చంద్రకళలకి భూమి నీడే కారణమని నాతో వాదించినవాళ్ళలో పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ. అందులో ఇంజనీర్లున్నారు, సైన్సు పాఠాలు చెప్పేవాళ్ళూ ఉన్నారు. చిన్నప్పుడు పుస్తకంలో చూసిన బొమ్మ అంత తేలిగ్గా కళ్ళముందు నుంచి పోదు మరి. అందుకని ముందు ఆ బొమ్మ సంగతి తేల్చుకుని తర్వాత ప్రశ్నల్లోకి వెళ్దాం.

సూర్యుణ్ణి ఒక మీటరు వెడల్పున్న గోళం అనుకోండి. అసలు సూర్యుడి వ్యాసం దాదాపు 13,92,000 కిలోమీటర్లు. అంటే మన లెక్కలో ఒక్క మిల్లీమీటరుకి 1,392 కిలోమీటర్లు. ఆ లెక్కన 12,742 కిలోమీటర్ల వ్యాసమున్న భూమి 9 మిల్లీమీటర్లకి వస్తుంది, చొక్కా బొత్తం కంటే కాస్త చిన్నది. ఆ బొత్తాన్ని గోళానికి ఎంత దూరంలో పెట్టాలి? ఈ మాట అడిగితే చాలామంది గదిలో ఇంకో మూల చూపిస్తారు. పెట్టాల్సింది 107 మీటర్ల అవతల. వంద మీటర్ల పరుగు పందెం గీత దాటి ఇంకో పది అడుగులు వేస్తే అక్కడ భూమి.

చంద్రుడు రెండున్నర మిల్లీమీటర్లు, ఆవగింజ కంటే కొంచెం పెద్దది. బొత్తానికీ దానికీ మధ్య దూరం 28 సెంటీమీటర్లు, అంటే జానెడు పైచిలుకు. మనిషి ఇంతవరకూ భూమిని వదిలి వెళ్ళిన దూరమంతా ఆ జానెడు పైచిలుకే. భూమినీ చంద్రుణ్ణీ పక్కపక్కన పెట్టి గీసిన బొమ్మలు చూస్తుంటాం కదా, అసలు వాటి మధ్య ముప్ఫై భూగోళాలు వరసగా పట్టేంత ఖాళీ ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, గ్రహణాల దగ్గర పనికొస్తుంది.

మిగతా గ్రహాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బుధుడు 42 మీటర్ల దగ్గర, శుక్రుడు 78 మీటర్ల దగ్గర, అంగారకుడు 164 మీటర్ల దగ్గర. మూడూ సెంటీమీటరు కంటే చిన్నవే. గురుడు పది సెంటీమీటర్ల బంతి, దాన్ని అర కిలోమీటరు దాటాక పెట్టాలి. శని కిలోమీటరు అవతల, యురేనస్ రెండు కిలోమీటర్ల అవతల, నెప్ట్యూన్ మూడు కిలోమీటర్లు దాటాక. ఎనిమిది గ్రహాలనీ చంకలో పెట్టుకున్న చిన్న సంచీలో వేసుకు పోవచ్చు, కానీ వాటిని వాటి చోట్ల పెట్టి రావడానికి ఒక పూట పడుతుంది. మన సూర్యుడి తర్వాత మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, 4.24 కాంతి సంవత్సరాలు. ఈ నమూనాలో దాని దూరం దాదాపు 28,800 కిలోమీటర్లు. భూగోళం మీద ఎంత దూరం పోయినా 20,000 కిలోమీటర్లు దాటాక మళ్ళీ ఇటే తిరిగొస్తాం. అంటే మన నమూనాలో పక్కింటి నక్షత్రం పెట్టడానికి ఈ భూమ్మీద చోటు లేదు.

ఇప్పుడు ఇదంతా పుస్తకం పేజీలోకి దించండి. నెప్ట్యూన్ దాకా 25 సెంటీమీటర్లలో సర్దితే సూర్యుడు వెంట్రుక మందాన ఒక చుక్క అవుతాడు, భూమి కంటికే ఆనదు. బొమ్మ గీసేవాడేం చేస్తాడు? గ్రహాల్ని పెంచుతాడు, దూరాల్ని కుదిస్తాడు, అన్నిటినీ ఒక వరసలో నిలబెడతాడు. అతన్ని తప్పుపట్టను, వేరే దారి లేదు. బొమ్మ కింద "కొలతల ప్రకారం కాదు" అని చిన్నక్షరాల్లో రాస్తారు కూడా. చదివేదెవరు!

సరే, చంద్రుడి దగ్గరికొద్దాం. నాలుగింటిలోనూ నాకు ఇష్టమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే దీన్ని టెలిస్కోపు లేకుండా, లెక్క లేకుండా, మధ్యాహ్నం పూట తేల్చేయొచ్చు.

శుక్ల పక్షంలో అష్టమికి అటూ ఇటూగా ఒక రోజు చూసుకోండి. ఆ రోజు చంద్రుడు మధ్యాహ్నం పన్నెండు ప్రాంతాల ఉదయిస్తాడు. మూడున్నర, నాలుగింటికల్లా తూర్పు వైపు బాగా పైకొచ్చి, తెల్లగా, సగం చంద్రుడై కనిపిస్తాడు. సూర్యుడు పడమటి వైపు ఉంటాడు. ఒక తెల్లటి బంతి తీసుకుని, ఎండలోనే నిలబడి, చెయ్యి చాచి, ఆ బంతిని చంద్రుడి పక్కనే కనిపించేలా పట్టుకోండి. బంతి మీద ఎండ ఎటు పడిందో, ఎటు చీకటిగా ఉందో చూడండి. ఆకాశంలో చంద్రుడు ఎలా ఉన్నాడో చేతిలో బంతి అచ్చం అలాగే ఉంటుంది. అదే వైపు వెలుగు, అదే వైపు చీకటి, మధ్యలో గీత కూడా అదే వాలుగా. రెండింటికీ దీపం ఒక్కటే కదా మరి.

బంతి మీద చీకటిగా ఉన్న సగం మీద ఎవరి నీడ పడింది? ఎవరిదీ పడలేదు. అది బంతికి వెనక వైపు, అంతే. చంద్రుడికీ అంతే. చంద్రగ్రహణం వేళ తప్పిస్తే చంద్రుడి గోళంలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది, అమావాస్య నాడు కూడా. ఆ ఎండ పడ్డ సగంలో మనవైపు ఎంత తిరిగి ఉందన్నదే మారుతుంది. అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడి దిక్కునే ఉంటాడు కాబట్టి వెలుగు సగం అటు తిరిగి ఉంటుంది, పౌర్ణమి నాడు ఎదుటి దిక్కున ఉంటాడు కాబట్టి వెలుగు సగం పూర్తిగా మనకి కనిపిస్తుంది.

భూమి నీడే అని పట్టుబట్టేవాళ్ళుంటే అదే చోట నిలబడి ఇంకో ప్రశ్న వేయండి. సూర్యుడు పడమట ఉన్నాడు, మరి భూమి నీడ ఎటు పోవాలి? సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, అంటే తూర్పు దిక్కున నేల కిందికి. చంద్రుడేమో ఆకాశంలో, ఆ నీడకి తొంభై డిగ్రీల దూరంలో ఉన్నాడు. కాళ్ళ కిందకి పోయే నీడ పైనున్న చంద్రుడి మీద ఎలా పడుతుంది? నేను చూసినంతలో ఎంత మొండివాళ్ళైనా ఇక్కడ ఆగిపోతారు. ఒకాయనైతే బంతి చేతిలో పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత "నలభై ఏళ్ళుగా తప్పు చెప్తున్నాను" అని నవ్వేశారు.

ఈ బంతి తర్కమే ఒకప్పుడు, గ్రహాలు తిరిగేది భూమి చుట్టూనా సూర్యుడి చుట్టూనా అన్న పెద్ద వివాదంలో బలమైన సాక్ష్యమైంది. 1610 చివర్లో గెలీలియో తన టెలిస్కోపులో శుక్రుణ్ణి వరసగా చూస్తూ వచ్చాడు. శుక్రుడికి కూడా కళలున్నాయి. చిన్నగా దాదాపు పూర్ణబింబంలా మొదలై, సగమై, పెద్ద నెలవంకగా మారాడు. శుక్రుడు భూమి చుట్టూ తిరుగుతూ ఎప్పుడూ మనకీ సూర్యుడికీ మధ్యలోనే ఉంటే, అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న పాత టోలెమీ లెక్క చెప్పినట్టు, పూర్ణబింబం దగ్గరకొచ్చే కళ కనబడటానికి వీల్లేదు. శుక్రుడు సూర్యుడికి అవతలి పక్కకి కూడా వెళ్తున్నాడంటే సూర్యుడి చుట్టూ తిరుగుతున్నట్టే. అదే ఏడాది జనవరిలో గురుడి పక్కన నాలుగు చుక్కలు రోజురోజుకీ చోటు మారడం కూడా అతను చూశాడు. ఆ నాలుగు చందమామల్నీ ఇవాళ మామూలు బైనాక్యులర్‌తో, చేతులు వణక్కుండా గోడకి ఆనుకుని చూస్తే మీరూ చూడొచ్చు.

ఇక గ్రహణాలు. మన జానెడు పైచిలుకు నమూనా గుర్తుందిగా. పుస్తకం బొమ్మలో సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే గీత మీద ఉంటాయి, అంటే కాగితం మీద అన్నీ ఒకే తలంలో ఉంటాయి. అసలు చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యకి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంది. ఐదు డిగ్రీలేగా అనిపిస్తుంది. 28 సెంటీమీటర్ల దూరంలో ఐదు డిగ్రీలంటే ఆవగింజ దాదాపు రెండున్నర సెంటీమీటర్లు పైకీ కిందికీ ఊగుతుంది. బొత్తం వెనక, ఆ దూరంలో భూమి నీడ వెడల్పెంత? ఆరున్నర మిల్లీమీటర్లు. అసలు కొలతల్లో చెప్తే, చంద్రుడు 34,000 కిలోమీటర్ల దాకా పైకో కిందికో పోతుంటే, దొరకబుచ్చుకోవాల్సిన నీడ 9,000 కిలోమీటర్లు. ఎక్కువ పౌర్ణములకి చంద్రుడు నీడ పైనుంచో కిందనుంచో తప్పించుకు పోతాడు. అమావాస్య నాడు చంద్రుడి నీడ కూడా ఇలాగే భూమికి పైనుంచో కిందనుంచో పోతుంది. ఆశ్చర్యపోవాల్సింది గ్రహణం రానందుకు కాదు, వచ్చినందుకు.

చంద్రుడి కక్ష్య, భూమి కక్ష్య తలాన్ని రెండు చోట్ల దాటుతుంది. తెలుగులో ఆ రెండు బిందువులకే రాహువు, కేతువు అని పేర్లు. సూర్యుడు ఆ బిందువుల దగ్గర కనిపించే రోజుల్లోనే అమావాస్యో పౌర్ణమో పడితే గ్రహణం. ఆ అవకాశం ఇంచుమించు ఆరు నెలలకోసారి వస్తుంది. అందుకే గ్రహణాలు జంటగా, పక్షం రోజుల తేడాతో వస్తుంటాయి. ఏడాదికి సూర్యగ్రహణాలు తక్కువలో తక్కువ రెండు, ఎక్కువలో ఎక్కువ ఐదు.

సూర్యగ్రహణంలో ఇంకో తమాషా ఉంది. సూర్యుడు చంద్రుడి కంటే 400 రెట్లు వెడల్పు, దూరం కూడా దాదాపు 400 రెట్లే. అందుకే ఆకాశంలో రెండూ ఒకే సైజులో, అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాయి. చంద్రుడు కాస్త దగ్గరగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేస్తాడు, కాస్త దూరంగా ఉన్నప్పుడు చుట్టూ ఉంగరం మిగులుతుంది. దీనికి లోతైన కారణం ఏమీ లేదు, మనం పుట్టిన కాలం అలా కుదిరింది. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాల పలక మీదికి లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయం లెక్కగడుతున్నారు. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాడు. కొన్ని పదుల కోట్ల ఏళ్ళు పోతే సంపూర్ణ సూర్యగ్రహణం అన్నది ఉండదు, ఉంగరాలే మిగులుతాయి.

ఎండాకాలం ప్రశ్నకి వద్దాం. ఇక్కడ బొమ్మ చేసే అన్యాయం అన్నిటికంటే ఎక్కువ. భూమి కక్ష్యని కోడిగుడ్డులా పొడుగ్గా గీస్తారు, సూర్యుణ్ణి మధ్యలో పెడతారు. అలా గీయడానికి కారణం, మనం ఆ కక్ష్యని పక్కనుంచి ఏటవాలుగా చూస్తున్నట్టు చూపించాలనుకోవడం. పళ్ళేన్ని కంటి ఎత్తున పట్టుకుని చూస్తే పొడుగ్గా కనబడదూ, అలాగ. చూసే పిల్లలు మాత్రం భూమి కొన్నాళ్ళు దగ్గరగా, కొన్నాళ్ళు బాగా దూరంగా పోతుందనుకుంటారు. దగ్గరైతే వేడి, దూరమైతే చలి. ఎంత బాగా అతికిందో చూడండి!

నిజానికి కక్ష్య దీర్ఘవృత్తమే, జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో చెప్పిన మాట తప్పు కాదు. కానీ ఎంత దీర్ఘం? 30 సెంటీమీటర్ల పొడుగుతో గీస్తే వెడల్పు దానికంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా తగ్గదు. పెన్సిల్ గీత మందమే అంతకన్నా ఎక్కువ. కంటికది చక్కటి వృత్తం. ఉన్న తేడా అంతా సూర్యుడు సరిగ్గా నడిమధ్యలో కాకుండా రెండున్నర మిల్లీమీటర్లు పక్కకి ఉండటం. దానివల్ల భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు 14.71 కోట్ల కిలోమీటర్లు, దూరమైనప్పుడు 15.21 కోట్ల కిలోమీటర్లు. ఇంతకీ దగ్గరయ్యేది ఎప్పుడో తెలుసా? జనవరి మొదటి వారంలో, ఉత్తరార్ధగోళమంతా చలికి ముడుచుకుని ఉన్నప్పుడు. దూరంగా ఉండేది జులై మొదట్లో.

జనవరిలో దగ్గరని నా మాట నమ్మక్కర్లేదు, క్యాలెండర్‌లో లెక్కపెట్టుకోవచ్చు. పగలూ రాత్రీ ఇంచుమించు సమానంగా ఉండే విషువత్తులు మార్చి 20న, సెప్టెంబరు 22న వస్తాయనుకోండి, ఏడాదిని బట్టి ఒక రోజు అటూ ఇటూ. ఈ రెండు రోజులూ భూమి తన కక్ష్యలో సూర్యుడికి ఎదురెదురు దిక్కుల్లో ఉంటుంది. మార్చి నుంచి సెప్టెంబరుకి 186 రోజులు. సెప్టెంబరు నుంచి మళ్ళీ మార్చికి 179 రోజులే. ఒక్కో సగానికీ తిరగాల్సిన కోణం సమానమే, ఏడు రోజుల తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? జనవరి ఉన్న సగంలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంది, దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా పోతుంది. సెకనుకి జనవరిలో 30.3 కిలోమీటర్లు, జులైలో 29.3. కెప్లర్ రెండో సూత్రం గోడకి తగిలించిన క్యాలెండర్‌లోనే ఉందన్నమాట. మీ అమ్మాయి చేత ఈ రోజులు లెక్కపెట్టించండి, ఫార్ములా బట్టీ పట్టించడం కంటే బాగా ఎక్కుతుంది.

మరి ఎండాకాలం దేనివల్ల? భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల. ఇక్కడ కూడా ఒక పొరపాటు మాట వినిపిస్తుంటుంది, "అక్షం వాలినప్పుడు ఆ సగం సూర్యుడికి దగ్గరవుతుంది" అని. దగ్గరయ్యేది మహా అయితే కొన్ని వేల కిలోమీటర్లు, 15 కోట్లలో అదెంత! జరిగేది రెండు పనులు. ఒకటి, ఎండ నిటారుగా పడుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే ఒక చదరపు మీటరు మీద పడే ఎండ, సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటే రెండు చదరపు మీటర్ల మీద పరుచుకుంటుంది, వేడి సగమైపోతుంది. టార్చిలైటుని గోడ మీదికి తిన్నగా ఒకసారి, వాలుగా ఒకసారి వేసి చూపించండి. రెండోది, పగటి పొద్దు పెరుగుతుంది, ఎండ ఎక్కువ గంటలు కాస్తుంది. అక్షం ఏడాది పొడుగునా ఒకే దిక్కుకి, ఇంచుమించు ధ్రువ నక్షత్రం వైపుకే చూస్తుంటుంది. భూమి సూర్యుడికి అటు పక్క ఉన్నప్పుడు ఉత్తర సగం సూర్యుడి వైపు, ఇటు పక్కకి వచ్చాక దక్షిణ సగం. ఉత్తరాన చలికాలమైతే దక్షిణాన ఎండాకాలం ఎందుకో దూరం లెక్కతో ఎప్పటికీ చెప్పలేం, వాలు లెక్కతో ఒక్క ముక్కలో వచ్చేస్తుంది.

దూరానికీ వేడికీ సూటి సంబంధం ఉంటే అన్ని గ్రహాల్లోకీ బుధుడే వేడిగా ఉండాలి. కానీ శుక్రుడి నేల మీద దాదాపు 465 డిగ్రీల సెల్సియస్, రాత్రీ పగలూ ఒకటే. బుధుడి మీద పగలు 430 దాకా పోయి, రాత్రి మైనస్ 180కి పడిపోతుంది. తేడా అంతా గాలిది. శుక్రుడి మీద కార్బన్ డయాక్సైడ్ వాతావరణం మన గాలి కంటే తొంభై రెట్లు ఒత్తిడితో దుప్పటిలా కప్పి ఉంది, బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణమే లేదు.

ప్లూటో. దీనికి బొమ్మతో పేచీ లేదు, మనకి పేరు మీదున్న మమకారంతోనే పేచీ. "తీసేశారు" అన్న మాట వింటే ఎవరో ఉద్యోగంలోంచి పీకేసినట్టుంటుంది. అది ఎక్కడికీ పోలేదు, 248 ఏళ్ళకో చుట్టు చొప్పున తిరుగుతూనే ఉంది. 1930 ఫిబ్రవరిలో క్లైడ్ టాంబా దాన్ని కనిపెట్టినప్పటి నుంచి లెక్కేస్తే 2178 దాకా ఒక చుట్టు కూడా పూర్తి కాదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి 1801 జనవరి 1కి వెళ్ళాలి. ఆ రాత్రి సిసిలీలోని పలెర్మోలో జుసెప్పె పియాజీ, అంగారకుడికీ గురుడికీ మధ్య కొత్త చుక్కని చూశాడు. దానికి సెరెస్ అని పేరు పెట్టి గ్రహాల జాబితాలో చేర్చారు. తర్వాత ఆరేళ్ళలో పాలస్, జునో, వెస్టా దొరికాయి, వాటినీ చేర్చారు. 1845 తర్వాత అదే ప్రాంతంలో ఒకదాని వెనక ఒకటి దొరకడం మొదలయ్యేసరికి జాబితా కొండవీటి చాంతాడైంది. అప్పుడు వీటన్నిటినీ కలిపి గ్రహశకలాలని వేరు చేసేశారు. సెరెస్ కోసం ఇవాళ ఎవరూ బాధపడటం లేదు.

ప్లూటో కథ కూడా అక్షరాలా ఇదే, కాకపోతే రెండోసారి. 1992 నుంచి నెప్ట్యూన్ అవతల, కైపర్ వలయంలో మంచు దిమ్మలు వరసగా బయటపడసాగాయి. 2005లో ఎరిస్ దొరికింది, ప్లూటో కంటే బరువైనది. ప్లూటో గ్రహమైతే ఎరిస్ కూడా గ్రహమే, రేపు దొరికేవీ గ్రహాలే. కాదంటే ప్లూటో కూడా కాదు. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మూడు షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకి తానే గుండ్రంగా మారి ఉండాలి, తన కక్ష్య దారిలోని చిల్లరమల్లర సరుకునంతా ఊడ్చేసి ఉండాలి. మూడోదాంట్లో ప్లూటో తప్పింది, మరుగుజ్జు గ్రహం అయింది. సెరెస్‌కి కూడా ఆ హోదాయే దక్కింది, దానికైతే అది ప్రమోషన్. మూడో షరతు మాటల్లో కొంత వదులుగా ఉందన్నది నా అభిప్రాయం, కానీ నిర్ణయం సబబే. ప్లూటో వ్యాసం 2,377 కిలోమీటర్లు, మన చంద్రుడి కంటే చిన్నది.

అన్నట్టు, ప్లూటో వైపు వెళ్ళిన న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 2006 జనవరిలో బయల్దేరినప్పుడు ప్లూటో గ్రహం. ఏడు నెలలు దాటేసరికి కాకుండా పోయింది. 2015 జులై 14న నౌక పక్కగా పోతూ పంపిన ఫొటోల్లో గుండె ఆకారంలో నైట్రోజన్ మంచు మైదానం, నీటి మంచు కొండలు కనిపించాయి. పేరు ఏదైతేనేం, చూడదగ్గ చోటు.

మీరు అడగలేదు గానీ బొమ్మల పుణ్యమే కాబట్టి ఇంకో రెండు చెప్పేస్తాను. గ్రహశకలాల వలయాన్ని రాళ్ళు రాసుకుంటూ పోయే రద్దీ రోడ్డులా గీస్తారు. అక్కడున్న రాళ్ళన్నీ కలిపి ముద్ద చేసినా చంద్రుడి బరువులో 5 శాతం కూడా రాదు. 1972లో పయనీర్ 10 అనే అంతరిక్ష నౌక అందులో అడుగుపెట్టి ఏ రాయీ తగలకుండా బయటపడింది, తర్వాత వెళ్ళిన నౌకలదీ అదే అనుభవం. రెండోది, సూర్యుణ్ణి మంటలతో గీయడం. అక్కడ ఏదీ మండటం లేదు, మండటానికి ఆక్సిజన్‌తో పని. సూర్యుడి నడిబొడ్డున, కోటిన్నర డిగ్రీల వేడిలో సెకనుకి దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. అందులో 40 లక్షల టన్నుల పైచిలుకు పదార్థం శక్తిగా మారిపోతుంది. 460 కోట్ల ఏళ్ళుగా ఇదే పని, ఇంకో 500 కోట్ల ఏళ్ళకి సరిపడా సరుకుంది.

లెక్కలంటే మీ అమ్మాయికి ఇష్టమైతే ఒకటివ్వండి. భూమి-సూర్యుడి మధ్య సగటు దూరం, అంటే 14.96 కోట్ల కిలోమీటర్లు, ఒకటి అనుకుంటే గురుడి దూరం 5.2. ఆ 5.2ని మూడుసార్లు వేసుకుని గుణించి (5.2 × 5.2 × 5.2) వర్గమూలం తీయమనండి. 11.86 వస్తుంది. గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి పట్టే ఏళ్ళు సరిగ్గా అన్నే. అంగారకుడికి 1.524 పెట్టి చూసుకోవచ్చు, 1.88 ఏళ్ళు, అంటే 687 రోజులు. ఇది కెప్లర్ 1619లో ప్రచురించిన మూడో సూత్రం. బొమ్మలో ఎంత వెతికినా దొరకని కొలత, ఒక్క గుణకారంలో దొరుకుతుంది.

బంతి ప్రయోగం చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. బంతి మెరవకూడదు, తళతళలాడే ప్లాస్టిక్ అయితే వెలుగు గీత సరిగ్గా తెలియదు, గరుకుగా ఉన్న తెల్లటిది తీసుకోండి, లేకపోతే సుద్దపొడి రాయండి. సూర్యుడి వంక మాత్రం నేరుగా చూడొద్దని ముందే చెప్పండి, చూడాల్సింది చంద్రుడి వైపే. అష్టమి నాడు మొదలుపెట్టి ఇంకో నాలుగు రోజులు, సాయంత్రం అదే వేళకి చేయించండి. చంద్రుడు రోజురోజుకీ సూర్యుడికి దూరం జరుగుతుంటే బంతి మీద వెలుగు కూడా అంతే పెరుగుతుంది. పౌర్ణమి వచ్చేసరికి రాత్రి చంద్రుడు పూర్తిగా వెలుగుతుంటాడు, కానీ బంతి ఎంత పట్టుకున్నా వెలగదు. ఎందుకు వెలగదో అమ్మాయినే చెప్పమనండి.